గుర్తు లేని ఇల్లు

"రేవు ఎక్కడుంది?" అని మా సర్పంచి మల్లేష్ అడిగింది రేవులో నిలబడే. ఆయన బూట్లకు సబ్బు నురుగు అంటుకుని ఉంది. పక్కనే మా నాయినమ్మ బాలవ్వ బండ మీద ఎవరిదో దుప్పటి దబదబా బాదుతోంది. ఆ చప్పుడుకు మాట వినపడక పాపం ఆయన రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

మొన్నటి ఎండాకాలం ముచ్చట ఇది. శివరాత్రి తర్వాత మొదలై మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, ముగిసింది. ఈ నాలుగు నెలల్లో మా ఇంట్లో ఎవరి మాట ఎవరు వినాలన్నది పూర్తిగా తారుమారైంది. అందులో నా తప్పే ఎక్కువ. అది ముందే ఒప్పుకుని చెబుతున్నాను.

కరీంనగర్‌కు ఇరవై రెండు కిలోమీటర్ల దూరం మా ఊరు. ఊరికి ఉత్తరాన చెరువు, చెరువు మూలకు తొమ్మిది బండలు. తొమ్మిది ఇండ్ల చాకలోళ్ళం, ఇంటికో బండ. కొత్తగా గెలిచిన మల్లేష్‌కు చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్ వేయించాలని, సిమెంటు బెంచీలు పెట్టించాలని కోరిక పుట్టింది. ఆ ట్రాకుకు మా బండలు అడ్డం.

"పటేలా, గిదే గద రేవు," అన్నాడు మా బాపు పోశం, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ.

"నువ్వంటే అయితదా పోశం? రికార్డుల ఉండాలె. చెర్వు శిఖం, నీళ్ళు నిలిచే జాగంత, సర్కారు భూమి. ఈడ రేవున్నదని ఏడ రాసుంది?"

"మా తాతల కాలం నుంచి..."

"తాతలు కాయితం ఇచ్చిపోయిండ్రా? ఇచ్చిపోతే తెండ్రి, నేను బండలు ముట్ట. లేకుంటే గ్రామసభ అయిన తెల్లారే జేసీబీ వస్తది."

నాకు ముక్కు మీదే కోపం. "తెస్తం పటేలా! కాయితమే గద, తెస్తం," అన్నాను. బాపు నా వైపు కొరకొరా చూశాడు. నాయినమ్మ మాత్రం దుప్పటి తిప్పి రెండో వైపు బాదడం మొదలుపెట్టింది.

అంత ధైర్యం నాకు జిరాక్స్ మిషను ఇచ్చింది. డిగ్రీ అయిపోయాక కలెక్టరేట్ ఎదురుగా సాగర్ అన్న జిరాక్స్ సెంటర్లో చేరి ఆరేళ్ళయింది. పొద్దున ఆడవాళ్ళ జీరో టికెట్టుతో బస్సెక్కితే సాయంత్రం దాకా పహాణీలు, అర్జీలు, నక్షాలు నా చేతుల మీదుగానే పోతాయి. కాగితం కోసం జనం వణికే చోట కూర్చుని కూర్చుని నాకు కాగితమంటే భయం పోయింది. భయంతోపాటు గౌరవం కూడా పోయింది. అదే కొంప ముంచింది.

భూమి రికార్డుల ఆఫీసులో దరఖాస్తు పెట్టి, ఇరవై రోజులు తిరిగి, మా ఊరి పాత నక్షా నకలు సంపాదించాను. నిజాం కాలం సర్వేది. అంతా ఉర్దూ. ఒక్క అక్షరం రాకపోయినా గీతలు తెలుస్తున్నాయి. ఇదిగో వాగు, ఇదిగో చెరువు, చెరువు పక్కన ఊరు. ఊళ్ళో ఇండ్లకు పదకొండు నల్ల చుక్కలు. చెరువు మూలకు మెట్ల లాంటి చిన్న గీతలు, వాటి పక్కన ఒక ఉర్దూ మాట. రేవు కాక ఇంకేముంటుంది!

ఆ కాగితం మా మిషను అద్దం కన్నా పెద్దది. మాకు కావాల్సింది ఊరూ చెరువే కదా అని నడుమ భాగం మాత్రం పెట్టి నాలుగింతలు పెద్దది చేశాను. అంచుల్లో ఏముందో చూడలేదు. ఇప్పుడు మా ఊరికి చెరువు ఉత్తరాన ఉంది కాబట్టి, కాగితంలో చెరువు పైకి వచ్చేలా తిప్పి చూసుకున్నాను. అచ్చం మా ఊరే. మెట్ల గీతలు సరిగ్గా మా బండలున్న మూలకే వచ్చాయి. సంబరంగా లామినేషన్ కూడా చేయించాను.

ఆదివారం పొద్దున దాన్ని ఇస్త్రీ బల్ల మీద పరిచాను. మా అవ్వ, అంటే మా అమ్మ లింగవ్వ, ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఊదుతూ తొంగి చూసింది. నాయినమ్మను పిలిచి చుక్కలు చూపించాను.

"గివి ఇండ్లు నాయినమ్మా. అప్పటి ఊరు. పదకొండున్నయి."

నాయినమ్మ ముఖం వెలిగిపోయింది. "పదకొండేనా? గయితే మా అత్త చెప్పిన ఇండ్లే గవి!"

నాయినమ్మకు అక్షరం రాదు. కానీ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది, అది ఆమెకు వచ్చు. నల్లజీడి గింజకు సూది గుచ్చి, దాని నల్లటి రసంతో బట్ట అంచున చుక్కలో గీతలో పెట్టి, పైన సున్నం అద్దుతారు. ఇక ఆ బట్ట చిరిగి పేలికైనా గుర్తు పోదు. ఎవరి బట్ట ఎవరికి చేరాలో ఆ గుర్తే చెబుతుంది. దుబాయిలో లాండ్రీలో పనిచేసే మా కొండల్ చిన్నాయన అక్కడ ప్రతి చొక్కాకూ స్టిక్కర్ అంటించి మిషనుతో చదువుతారని ఫోన్లో చెబితే, నాయినమ్మ "గంత కరెంటెందుకురా దానికి?" అని నవ్వింది.

నాయినమ్మ పెళ్ళయి వచ్చిన కొత్తలో వాళ్ళ అత్త ఆమెకు గుర్తులు వరసగా నేర్పింది. బట్టలు తీసుకురావడానికి ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి పోవాలో ఆ వరస. ఆ ఇండ్లలో సగం వంశాలు ఇప్పుడు లేవు, ఉన్నవాళ్ళు వేరే చోట్ల ఉన్నారు. అయినా పాఠం అప్పజెప్పినట్టు ఆమె ఇప్పటికీ చెబుతుంది. ఆ రోజూ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"తూము కాడ ముత్తయ్య, రెండు సుక్కలు ఒక కొక్కెం. ఆ పక్కకు గొల్ల ఓదెలు, మూడు సుక్కలు. కమ్మరి రాజయ్య, అడ్డగీత మీద నిలువుగీత..."

నేను ఒక్కో చుక్క మీద వేలు పెడుతూ పోయాను. పదకొండు పేర్లు, పదకొండు చుక్కలు. అప్పుడు తట్టి అడిగాను, "మరి మన ఇంటి గుర్తేంది నాయినమ్మా?"

"మనకు గుర్తెందుకే? మన బట్టలు మనకు తెల్వయా? గుర్తు పరాయోళ్ళకు," అంది తేలిగ్గా. ఆ తర్వాత కాగితం మీదికి వంగి కనుబొమ్మలు ముడిచింది. "జమునా, ఇండ్లు సరిపోయినయి గని, గిది ఎక్కడనో తేడా కొడ్తున్నది. పొద్దు ఎటు పొడుస్తది గీ కాయితంల?"

"గిటు," అని కుడివైపు చూపించాను.

"గట్లయితే మా అత్తకు పొద్దుగాల ఎండ మొఖం మీద కొట్టాలె. గట్ల కాదు. ఎండను వీపుకు పెట్టుకొని నడువాలె కోడలా, మూట మోసుకుంట ఎండకు ఎదురు పోతే కండ్లు బైర్లు కమ్ముతయి అని చెప్పేది. తూము కాడి ఇల్లు పొద్దు పొడిచే దిక్కు ఉండాలె."

"అబ్బా నాయినమ్మా! నువ్వు నక్షా చదివినవా, నేను చదివిన్నా? ఇండ్లు సరిపోయినయి గద, ఎండ ముచ్చట తర్వాత చూద్దాం," అని విసుక్కున్నాను.

ఆమె లేచి మూటల దగ్గరికి వెళ్ళిపోయింది. మా అవ్వ మాత్రం "ముసలామె చెప్తుంటే జర ఇనరాదే," అంది. నేను వినలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గ్రామసభ పంచాయతీ ముందు షామియానా కింద జరిగింది. మండల సర్వేయరు పద్మలత మేడం కూడా వచ్చింది. నా వయసే ఉంటుంది. నేను లామినేషన్ చేసిన నక్షాను జెండాలా పట్టుకుని నిలబడి, "గిదిగో కాయితం. గిదిగో రేవు. నిజాం కాలం నుంచే ఉన్నది," అని గట్టిగా చెప్పాను. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. నాగవ్వ పెద్దమ్మ ఈల కూడా వేసింది.

పద్మలత మేడం నక్షా తీసుకుని చూసింది. నా వైపు కొంచెం జాలిగా చూసి, కాగితాన్ని మెల్లగా తిప్పింది. పైది కిందికి వచ్చింది.

"చెల్లె, నువ్వు తలకిందులు పట్టుకున్నవు. అక్షరాలు చూడు. దీనికి అంచుల ఉత్తరం గుర్తుంటది, నువ్వు అంచు తీసేసినవు. ఈ చెర్వు ఊరికి దక్షిణం దిక్కున్నది. అంటే ఊరి బయటి పాటిగడ్డ దిక్కు. రేవు కూడా గక్కడనే. మీ ఇప్పటి చెర్వు ఈ నక్షాల అసలు లేనే లేదు."

షామియానా ఎగిరిపోయేంత నవ్వు.

"ఇన్నరు గద!" అని మల్లేష్ చేతులు చాపాడు. "పిల్ల తెచ్చిన కాయితమే చెప్పింది, ఈ చెర్వుకు రేవు లేదని! జమునా, కాయితం చదువుడంటే ఇస్త్రీ చేసినట్టు కాదు బిడ్డా."

నాకు తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే అందులోకి దూకాలనిపించింది. బాపు లేచి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు. అందరూ నవ్వుతున్నారు గానీ ఇద్దరు మాత్రం నవ్వడం లేదు. పద్మలత మేడం వేలు ఇంకా ఆ పాత చెరువు మీదే ఉంది. మా నాయినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దక్షిణం వైపు చూస్తోంది.

తెల్లారి జేసీబీ వచ్చింది. ఐదు బండలు పెకిలించి గట్టున పడేశాక ఆరోది మాది. నాయినమ్మ వెళ్ళి దాని మీద కూర్చుంది. నడిపేవాడు మా ఊరివాడే, అంజి. ఇంజను ఆపి దిగి వచ్చాడు.

"లేవవే బాలవ్వా. నాకు గూడ మంచిగనిపిస్తలేదు గని, పని."

"నీ పని నువ్వు చేసుకో బిడ్డా. నా పని కూసునుడు."

"నువ్వుతికిన బట్టలు కట్టుకొనే పెండ్లి చేసుకున్ననే. నీ మీదికి మిషను తోల్తనా? నా తోటి కాదు," అని వాడు తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికి పోయాడు. నాలుగు బండలు అలా మిగిలాయి.

ఆ మధ్యాహ్నం ఇంట్లో బాపు నా మీద విరుచుకుపడ్డాడు. "రేవున్నదో లేదో తెల్వకుంట నడిచింది ఇన్నేండ్లు! నువ్వు కాయితం తెచ్చి లేదని రాపిచ్చినవు! నీ సదువు తోటి మన బండలు లేచినయి!" అన్నాడు. ఏడ్చాను. కడుపునిండా ఏడ్చి, అసలు నకలు సంచిలో పెట్టుకుని మర్నాడు కరీంనగర్ బస్సెక్కాను.

కలెక్టరేట్ గోడ పక్కన ఖాజా మియా అర్జీలు రాస్తాడు. ఉర్దూ, తెలుగు రెండూ గడగడా చదువుతాడు. రోజూ మా షాపుకే జిరాక్సులకు వస్తాడు. ఆయన్ను ముందే అడగాల్సింది. గీతలకు ఉర్దూ ఎందుకనుకున్న పొగరు నాది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని నక్షా అంచు నుంచి చదవడం మొదలుపెట్టాడు.

"తెరాసౌ బావన్ ఫసలీ... అంటే పంతొమ్మిది వందల నలభై రెండు అటిటు. ఇది తాలాబ్, చెర్వు. ఇది ఆబాదీ, మీ ఊరు. ఇగో ఈ మెట్ల కాడ, ధోబీ ఘాట్." తలెత్తి చూశాడు. "బేటా, మీ రేవు పేరు పెట్టి రాసిండు. నువ్వు పరేషాన్ ఎందుకైతున్నవ్?"

"రేవున్నది చాచా. గని అక్కడ చెర్వు లేదు, ఊరు లేదు."

"అయితే చెర్వు పోయింది, ఊరు జరిగింది. అంతే గద! ఊరు లేచిపోతే ధోబీ ఒక్కడే ఆడ నిలబడి ఉతుకుతడా?"

ఆయన ఆ మాట టీ ఊదుకుంటూ మామూలుగానే అన్నాడు. నా బుర్రలో మాత్రం లైటు వెలిగింది. ఊరు జరిగింది! పాటిగడ్డలో నాగలి పెడితే పెంకులు లేస్తాయని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. ఆ పెంకులు ఎవరి కుండలవో ఒక్కనాడూ అడగలేదు.

మర్నాడు పొద్దు పొడిచే వేళకు నాయినమ్మ చేయి పట్టుకుని పాటిగడ్డకు తీసుకెళ్ళాను. ముందుగా ఆమె కాళ్ళకు మొక్కాను. "నాదే తప్పు నాయినమ్మా. ఎండ ముచ్చట నువ్వు చెప్పిందే నిజం," అన్నాను.

"సాలు తియ్, నడువు," అంది.

నక్షా సరిగ్గా పట్టుకున్నాను ఈసారి. పాత తూము ఉండాల్సిన చోట రెండు చెక్కిన రాళ్ళు తుమ్మ పొదలో కనిపించాయి. అక్కడ నిలబడి ఆమె పడమర వైపు తిరిగింది. ఎండ సరిగ్గా ఆమె వీపు మీద పడింది. నడక మొదలుపెట్టింది. కొంత దూరం నడిచి ఆగి, "ముత్తయ్య," అంది. ఇంకొంచెం నడిచి, "ఓదెలు." నేను వెనక నక్షా మీద వేలు పెట్టుకుంటూ నడిచాను. ఆమె కళ్ళు కాగితం మీద లేవు, నేల మీద కూడా లేవు. పదకొండో పేరు చెప్పి ఆగిన చోటికి రేవు నలభై అడుగులు. అక్కడ ప్లాట్ల వెంచరు కమాను ఉంది. పాత చెరువు కడుపు మొత్తం ప్లాట్లే. ఆ వెంచరు మల్లేష్‌ది, వాళ్ళ బామ్మర్దిది.

కమాను కింద గేటు ముందు మెట్టుగా ఒక బండ పరిచి ఉంది. నడుమ గుంట పడి, నున్నగా అరిగిపోయి ఉంది. నాయినమ్మ కూర్చుని ఆ గుంటలో అరచేయి పెట్టింది. ఉతికిన బండ ఎలా అరుగుతుందో ఆమెకు ఒకరు చెప్పాలా!

"మా అత్త ఎన్నడు గీ దిక్కు మొఖం తిప్పి చూడలే," అంది. "పెద్ద కొడుకు నీళ్ళల్ల పోయిండని మాత్రం చెప్పింది. ఏ నీళ్ళో చెప్పలే. గీ చెర్వు తెగి ఊరు లేచిననాడు అయి ఉంటది." కళ్ళు తుడుచుకుంది. "ఇండ్లు మాత్రం ఒక్కటి మర్చిపోకుంట నేర్పింది ముసల్ది."

మేం తహసీల్దారుకు అర్జీ పెట్టాం. ఖాజా మియాను అడిగి నేనే రాశాను. ఈ నక్షాలో ఇప్పటి చెరువు పక్కన రేవు లేదన్నది నిజమే, కానీ ఇప్పటి పంచాయతీ ఆఫీసు కూడా ఈ నక్షాలో లేదు, సర్పంచి ఇల్లు లేదు, ఊరే లేదు. ఊరు ఇక్కడికి జరిగి కూడా ఊరే అయినప్పుడు, దాంతోపాటు జరిగిన రేవు రేవు ఎందుకు కాకుండా పోతుంది అని రాశాను. రెండో పేరాలో పాత చెరువు శిఖం మీద ప్లాట్లు ఎలా పడ్డాయో విచారించమని రాశాను. ఆ రెండో పేరా చూసి బాపుకు చెమటలు పట్టాయి. "గిది మాత్రం వద్దు బిడ్డా," అన్నాడు. నాయినమ్మ వేలిముద్ర వేసేసింది.

అంతటితో ఊరుకోలేదు. మా తొమ్మిది ఇండ్లవాళ్ళం మూటలు ముట్టడం ఆపేశాం. "రేవు లేదన్నరు గద. రేవు లేని ఊర్లె చాకలి పనేంది?" అని మా అవ్వ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చెప్పి పంపించింది. ఎన్నడూ ఎవరికీ ఎదురు మాట్లాడని మనిషి! వైశాఖం, ఊరి నిండా పెళ్ళిళ్ళు. వాషింగ్ మిషన్లున్న ఇండ్లవాళ్ళు మొదట నవ్వారు. పెళ్ళికి ముందు చేసే మైలపోలులో బట్టలు పరిచేవాళ్ళు లేరని, పెళ్ళిపందిట్లో చాకలి చేయి పడాల్సిన పనులు ఆగాయని తెలిశాక నవ్వు ఆగింది. ముసలాళ్ళు మల్లేష్ ఇంటికి వరస కట్టారు. కొండల్ చిన్నాయన దుబాయి నుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "తగ్గకున్రి! ఈడ మా రూమోళ్ళందరికి వినిపించిన!"

పదమూడో రోజు పొద్దున మల్లేష్ మా ఇంటికి వచ్చాడు. ఆయనే కాదు, ఆయన ఇంట్లోవాళ్ళెవరూ అంతకు ముందు మా గుమ్మం దాకా రాలేదు. మూట మేమే తెచ్చుకుని మేమే ఇచ్చి వచ్చేవాళ్ళం. బాపు గబగబా కుర్చీ తుడిచి వేశాడు. ఆయన కూర్చోలేదు.

"పోశం, ఎందుకీ లొల్లి? తీసిన బండలు రేపే పెట్టిపిస్త. ట్రాకు పక్కకు జరుపుత. మీ రేవు మీకే. నా మాట." గొంతు తగ్గించాడు. "గా పాటిగడ్డ పేరా ఒక్కటి కొట్టేయుండ్రి. గా నక్షా నాకియ్యుండ్రి. అంతే, ఫికర్ లేదు ఇగ."

బాపు ముఖంలో ఆశ కనిపించింది. తప్పు పట్టను. బండలు తిరిగొస్తాయి, ఇంకేం కావాలి? నా వైపు చూశాడు. నేను నాయినమ్మ వైపు చూశాను. ఎండాకాలం మొదట్లో అయితే నేనే నోరు తెరిచేదాన్ని.

నాయినమ్మ గడప మీద కూర్చుని మల్లేష్ చొక్కా అంచు కేసి చూస్తోంది, అలవాటు అలాంటిది మరి.

"మల్లేశా," అంది.

బాపు ఉలిక్కిపడ్డాడు. అరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో పసిపిల్లాడిని కూడా ఆమె పటేలా అనే పిలిచింది.

"మీ తాత ముత్తయ్య. మీ ఇంటి గుర్తు రెండు సుక్కలు ఒక కొక్కెం. మీ తాత పంచెలు, మీ బాపు ధోతులు, నీ పొత్తిగుడ్డలు నా చేతుల మీదికెల్లే పోయినయి. ఒక్కనాడన్న మీ బట్ట వేరేటోళ్ళ ఇంటికి పోయిందా?"

"లేదు," అన్నాడు మల్లేష్.

"వేరేటోళ్ళ బట్ట మీ ఇంటికొచ్చిందా?"

"రాలే."

"గీ కాయితం గూడ అంతే. ఎవలది వాళ్ళకే చేరాలె. పో బిడ్డా, ఎండెక్కుతుంది."

ఆయన వెళ్ళిపోయాడు. బాపు కుర్చీ లోపలికి తీశాడు. అవ్వ పొయ్యి మీద అన్నం దించింది.

మిరుగం నాలుగు రోజులుందనగా తహసీల్దారు పద్మలత మేడంతో కలిసి చెరువు దగ్గరికి వచ్చాడు. పాటిగడ్డ సంగతి విచారణలో పెట్టామన్నాడు; అది ఇంకా నడుస్తూనే ఉంది, ప్లాట్లలో ఇల్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. మేం విడిచిపెట్టేది లేదు. రేవు సంగతి మాత్రం ఆ రోజే తేలింది. పద్మలత మేడం మూడు కాళ్ళ మిషను పెట్టి తొమ్మిది బండల చోటూ కొలిచింది. ఊరి కొత్త నక్షాలో, చెరువు మూలకు, పెన్సిలుతో మెట్ల గీతలు గీసి పక్కన 'చాకిరేవు' అని రాసింది. ఆ అక్షరాలు నేను చదవగలిగినవి. ముందు ఉత్తరం గుర్తు ఎటుందో చూసుకున్నాకే చదివాను, మేడం నవ్వింది కూడా.

పంచనామా మీద సంతకాలు పెట్టాలి. బాపు పెట్టాడు, నాగవ్వ పెద్దమ్మ వేలిముద్ర వేసింది. గుమస్తా ఇంకు ప్యాడు నాయినమ్మ ముందుకు జరిపాడు. ఆమె దాన్ని పక్కకు నెట్టి, కొంగు ముడి విప్పింది. అందులో ఒక జీడిగింజ, ఒక సూది, ఆకులో చుట్టిన సున్నం ఉన్నాయి. ఇంటి నుంచే తయారై వచ్చిందన్నమాట.

"అమ్మా, అదేంది?" అన్నాడు తహసీల్దారు.

"జర ఆగుండ్రి సారు. మా ఇంటి గుర్తు పెడ్తున్న."

"మనకు గుర్తు లేదంటివి గద నాయినమ్మా!" అన్నాను.

"గా నక్షాల పదకొండు ఇండ్లున్నయి. మా అత్త ఇల్లు లేదు. సూసినవా?"

చూశాను. ఎన్నోసార్లు చూశాను. రేవు ఉంది, ఆ రేవులో ఉతికినవాళ్ళ ఇల్లు లేదు. ఆమె వరసలోనూ లేదు. అది నాకు కనిపించనే లేదు. ఆమె మాత్రం పదకొండు పేర్లు చెప్పిన ప్రతిసారీ ఆ లోటును మోస్తూనే ఉందని అప్పుడు తెలిసింది.

రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. ఆమె వేళ్ళకు అది లెక్క కాదు. కాగితం మీద వంగి ఒక పెద్ద చుక్క పెట్టింది, దాని ముందు ఒక నిలువు గీత గీసింది.

"గిది పొద్దు. గిది మూట మోసుకుంట పోయే మనిషి," అని నాకు చూపించింది. ఎండను వీపుకు పెట్టుకుని నడుస్తున్న వాళ్ళ అత్త అది. పక్కనున్నవాళ్ళు ఎవరూ నవ్వలేదు.

తహసీల్దారు కాగితం తీసుకోబోతే ఆమె చేయి అడ్డం పెట్టింది. నా అరచేతిలో సున్నం పెట్టి, "అద్దే బిడ్డా," అంది.

వేలితో మెల్లగా అద్దాను. గుర్తు నల్లగా తేలింది.

"ఆఁ," అంది నాయినమ్మ, సూదిని కొంగుకు తుడుచుకుంటూ. "ఇగ ఎవడుతికినా పోదు."